అమ్మ మెయిన్ కట్టేయించిన మధ్యాహ్నం

సాయంత్రం లైటు వెలగగానే అమ్మ చేతులు జోడించి "స్తోత్రం తండ్రీ" అంటుంది. బట్టలు మడతపెడుతున్నా, కూర కలుపుతున్నా, ఎవరితోనైనా మాట్లాడుతున్నా సరే, మధ్యలో ఆగి ఆ రెండు ముక్కలూ అని, ఆపిన చోటునుంచి మళ్ళీ అందుకుంటుంది. నాకు మాటలు రాకముందు నుంచీ విన్నదే కాబట్టి అందరి ఇళ్ళల్లోనూ లైటు అలాగే వెలుగుతుందని చాలాకాలం అనుకున్నాను.

మేము మలేషియాలో బటాంగ్ బెర్జుంటై వైపు ఎస్టేట్‌లో పుట్టి పెరిగినవాళ్ళం. అమ్మా నాన్నా మొదట రబ్బరు చెట్ల కింద పనిచేశారు, తర్వాత పామాయిల్ తోటలో. ఒకే రేకుల కప్పు కింద వరసగా ఉండే లైన్ ఇళ్ళు మావి. ఫ్యాక్టరీ పక్కన ఒక జనరేటర్ ఉండేది. పొద్దుగూకే వేళకి దాన్ని తిప్పితే లైనంతా ఒక్కసారే వెలిగేది, ఆపితే ఒక్కసారే ఆరేది. గోడకి స్విచ్చి ఉండేది గానీ దాన్ని ముట్టుకునే పని ఎవరికీ పడలేదు. మీటరు అన్న వస్తువుని నేను పట్నం వచ్చాకే చూశాను. కరెంటంటే పైవాళ్ళు ఇచ్చేది. వానలాగా తన వేళకి వచ్చేది. వచ్చినందుకు దణ్ణం పెట్టుకోవాల్సింది. ఎంత వాడారని మమ్మల్ని ఎవరూ అడగలేదు, ఎంత ఇచ్చారని మేమూ అడగలేదు.

నాకు తెలుగు అక్షరాలు వచ్చింది కూడా ఆ బల్బు కిందే. మా చుట్టుపక్కల తెలుగు బడి లేదు. అమ్మ చెంబుతో నీళ్ళు పెట్టుకుని తడివేలితో సిమెంటు నేల మీద అక్షరం రాసేది. అది ఆరిపోయేలోగా నేను చూసుకుని పక్కన రాయాలి. ఎండాకాలంలో "ఱ" ఎప్పుడూ సగమే కనిపించేది. ఇప్పుడు ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ చెంబెడు నీళ్ళ చలవే.

పెళ్ళయ్యాక క్లాంగ్ పట్నం వచ్చాం. మా ఆయన రబ్బరు గ్లవుజులు చేసే ఫ్యాక్టరీలో పనికి కుదిరారు. కొన్నేళ్ళు బాగానే గడిచాక అక్కడ మనుషుల్ని తగ్గించారు. ఆ తగ్గించినవాళ్ళలో ఈయనా ఉన్నారు. ఉన్న ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఇక్కడ ఇంకో ఇల్లు దొరకాలంటే ముందే డిపాజిట్ కట్టాలి, కరెంటుకీ నీళ్ళకీ విడిగా మరో డిపాజిట్. మా చేతిలో ఏదీ లేదు. అప్పుడు మాకు ఇల్లిచ్చినాయన మా ఎస్టేట్ మనిషే, నాన్నతో కలిసి పామాయిల్ గెలలు కోసినవాడు. చుట్టరికం లేకపోయినా మామ అనే పిలుస్తాను. ఆయన కొడుకులు సంపాదించి కొత్త ఇల్లు కొన్నారు. క్లాంగ్‌లోని పాత ఇల్లు ఖాళీగా ఉంది. తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టి, ఇక్కడివాళ్ళందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తూ, "ముందు దిగండి లా, తరవాత సూసుకుందాం," అన్నాడు. డిపాజిట్ అడగలేదు, కాగితం రాయించుకోలేదు. ఆ తాళంచెవిని నేను ఇప్పటికీ ప్రార్థనలో తలుచుకుంటాను.

అది గోడకి గోడ ఆనుకుని ఉన్న వరస ఇళ్ళలో ఒకటి. వెనక పెరట్లో మామ ఎప్పుడో వేయించిన రేకుల గది ఉంది. దానికి వెనక సందులోంచి వేరే దారి. ఆ గదిని ఆయన చేపల వ్యాపారం చేసే ఒకతనికి అద్దెకిచ్చాడు. తమిళం మాట్లాడే మనిషి, నెమ్మదస్తుడు. కౌలా సెలంగోర్ నుంచి రొయ్యలూ చేపలూ తెచ్చి అక్కడి ఫ్రీజర్‌లో పెట్టుకుని, పొద్దున్నే తిండికొట్లకి వేస్తుంటాడు. మా వంటింటి గోడకి అవతల ఆ ఫ్రీజర్ ఎప్పుడూ గుర్రుమంటూ ఉండేది. మొదట్లో వినిపించేది, తర్వాత అలవాటైపోయి వినిపించడం మానేసింది.

కరెంటు బిల్లు మామ పేరు మీదే. అది ఆయన ఫోనుకే వస్తుంది. నెలనెలా ఇంత అని మెసేజ్ పెడతాడు, మా ఆయన అద్దెతోపాటు పంపేస్తారు. నీళ్ళదీ అంతే. ఈయనకి మళ్ళీ వేరేచోట పని దొరికింది కాబట్టి పంపడానికి ఇబ్బంది లేదు. బిల్లు ఎలా ఉంటుందో మేము చూడలేదు. చూపించమని అడగాలన్న ఊహ కూడా రాలేదు.

మేము దిగిన మరుసటి ఏడు, ఈస్టర్ దాటాక, అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. అంతవరకూ కౌలా సెలంగోర్‌లో తమ్ముడి దగ్గర ఉండేది. తమ్ముడు మంచివాడే, మరదలూ మంచిదే. కానీ వాళ్ళుండేది కొట్టు మీది మేడ మీద. అమ్మ మోకాలు అరిగిపోయింది. ఒకసారి పైకెక్కితే మళ్ళీ దిగడమన్నది పండగ లాంటి సంగతి అయిపోయింది. ఆదివారం గుడికి పోవడం మానేసింది, వీధిలో నిలబడి పలకరించడం మానేసింది. మా ఇల్లు నేల మీదిది. వచ్చిన వారానికే గేటు దాకా నడిచి, ఎదురింటి చైనా ముసలావిడతో చేతిసైగలతో కబుర్లు మొదలుపెట్టింది. బుధవారం సాయంత్రాలు మా ఇంట్లోనే ప్రార్థన కూటం పెట్టుకుంటే, పాట ఎత్తుకునేది అమ్మే.

అమ్మతోపాటు అమ్మ అలవాటు కూడా వచ్చింది. స్విచ్చి వేస్తుంది గానీ కట్టేయదు. స్నానాలగదిలో లైటు వెలుగుతూనే ఉంటుంది, గదిలో ఎవరూ లేకపోయినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఆమె లెక్కలో కరెంటు తన వేళకి తానే పోతుంది. నేను వెనకాలే తిరిగి కట్టేస్తుండేదాన్ని. నవ్వు వచ్చేది తప్ప విసుగు రాలేదు.

ఆ తర్వాతి నెలల్లో మామ పెట్టే మెసేజ్‌లో అంకె పెరిగింది. తర్వాత ఇంకా పెరిగింది. మా ఆయన ఫోను నాకు చూపించి జేబులో పెట్టుకున్నారు. ఇద్దరికీ ఒకే అనుమానం వచ్చిందని ఇద్దరికీ తెలుసు.

ఒక మధ్యాహ్నం మామ పైకప్పు కారుతోందంటే చూడటానికి వచ్చాడు. అమ్మ వంటింట్లో ఉంది. ముందుగదిలో ఫ్యాను ఖాళీ కుర్చీకి గాలి విసురుతోంది. స్నానాలగదిలో లైటు. పట్టపగలు గుమ్మం పైన కూడా లైటు. మామ అన్నీ చూసుకుంటూ వచ్చి, నవ్వుతూనే అన్నాడు.

"అక్కా, ఇది ఎస్టేట్ కాదు లా. ఇక్కడ దొర జనరేటర్ తిప్పడు. బిల్లు ఎందుకు పెరుగుతందో ఇప్పుడు తెలిసినాది."

అమ్మ కూడా నవ్వింది. ఆయనకి కాఫీ కలిపి ఇచ్చింది. ఆయన వెళ్ళిపోయాక కుర్చీలో కూర్చుని చాలాసేపు గోడమీది స్విచ్చిల వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ లైటు వెయ్యలేదు. నేను వేశాను. స్తోత్రం అంది గానీ, నేను లోపలికి పోగానే మా ఆయన్ని పిలిచి కట్టేయించింది. అప్పటినుంచి అదే వరస. ఫ్యాను వద్దంటుంది. క్లాంగ్ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పనక్కర్లేదు. మెడ చుట్టూ చెమటకాయలు లేచాయి, అయినా వద్దంటుంది. చీకటిపడేలోగా అన్నం తినేసి మంచం మీద కూర్చుంటుంది. నేను బతిమాలాను. మా ఆయన, "అత్తయ్యా, మేం కట్టుకోగలం," అని నచ్చజెప్పారు. ఆమె వినలేదు. చివరికి ఒకరోజు నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"అమ్మీ, పండగ ఎల్లినాక నాను తమ్ముడి కాడికి ఎల్లిపోతాను. ఆడ మెట్లే గదా, ఏటి సేస్తాయి. నీకు ఇల్లిచ్చినోడికి నా వల్ల మనసు ఇరగకూడదు."

తమ్ముడికి ఫోను చేసి ఈస్టర్ మర్నాడు కారు తెమ్మని చెప్పేసింది కూడా. బట్టలు సంచీలో సర్దుకుని తలుపు పక్కన పెట్టుకుంది. ఆ సంచీని దాటి వెళ్ళినప్పుడల్లా నాకు ఆ మేడమెట్లు కళ్ళముందు నిలబడేవి. అవి ఎక్కితే అమ్మ మళ్ళీ నేల మీదికి రాదని నాకు తెలుసు. తమ్ముడికీ తెలుసు.

ఆ బుధవారం కూటం అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఒక అమ్మాయి ఆగిపోయింది. విజయవాడ వైపు నుంచి కంప్యూటర్ ఉద్యోగం మీద కొత్తగా వచ్చిన పిల్ల. అమ్మ పాటలంటే ఆమెకి ఇష్టం. పాట అయిపోగానే అమ్మ ఫ్యాను కట్టేయమనడం చూసి సంగతేమిటని అడిగింది. చెప్పాను. ఆమెకి మొదట అర్థంకానిది బిల్లు పెరగడం కాదు, మేము బిల్లు చూడకపోవడం.

"అక్కా, ఏమీ అనుకోకండి. డబ్బు కట్టేది మీరు కదా. బిల్లు చూపించమని అడిగే హక్కు మీకుంటుందండి. ఆ మీటరు మీద ఇంకేం నడుస్తున్నాయో తెలుసుకునే హక్కూ ఉంటుంది."

తను ఇల్లు తీసుకున్నప్పుడు మీటరు ఎవరి పేరుమీద ఉంది, దానికి ఇంకెవరి ఇల్లైనా కలిసి ఉందా అని ముందే అడిగిందట. ఈ దేశంలో అద్దెవాళ్ళ సంగతంతా ఒప్పందంలో ఏం రాసుకున్నారన్నదాని మీదే ఎక్కువ నడుస్తుందని, అందుకే కాగితం ఉండాలని, అది ఉంటే కరెంటు కనెక్షన్ మన పేరుకి మార్చమని అడగొచ్చని చెప్పింది. అమ్మ అంతా విని, "ఇల్లిచ్చినోడి కాడ కాగితం ఎలాగ అడుగుతామమ్మా," అంది. ఆ పిల్ల అమ్మ చెయ్యి నిమిరింది.

ఆమె వెళ్ళాక నేను ఆలోచనలో పడ్డాను. అమ్మ నాకు నేర్పిన తెలుగులో దయ ఉంది, కృప ఉంది, మేలు ఉంది. హక్కు అన్న మాట అమ్మ నోట నేను ఎప్పుడూ వినలేదు. అంతమాత్రాన అది చెడ్డమాట కాదు కదా. తాళంచెవి ఇచ్చిన మనిషిని బిల్లు అడగడానికి నోరు ఎలా వస్తుందో తెలియక, మోకాళ్ళ మీద కూర్చుని, నోటికి ఒక మాట అందించమని దేవుణ్ణి అడిగాను.

మాట రాకముందే గుడ్ ఫ్రైడే వచ్చింది.

మా సెలంగోర్ రాష్ట్రంలో ఆ రోజు సెలవు కాదు. మా ఆయన సెలవు పెట్టుకున్నారు. అమ్మ మోకాలితో గుడిలో అంతసేపు కూర్చోలేదు కాబట్టి ఇంట్లోనే ప్రార్థన చేసుకోవాలనుకున్నాం. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటిదాకా, ప్రభువు సిలువ మీద ఉన్న ఆ వేళంతా, అమ్మ పొయ్యి వెలిగించనివ్వదు, దీపం పెట్టనివ్వదు. లైన్ ఇళ్ళల్లో మా వాళ్ళంతా అలాగే చేసేవారు. ఆ రోజు ఇల్లు కూడా ఉపవాసం ఉండాలని అమ్మ అంటుంది. ఎస్టేట్‌లో పగలు కరెంటే ఉండేది కాదు కాబట్టి అప్పుడు పొయ్యి ఆర్పితే సరిపోయేది. ఇక్కడ ఏ గోడకి ఏ స్విచ్చి ఉందో, ఏది వేసి ఉందో తన మీద తనకే నమ్మకం లేదు.

"బాబూ, ఆ పెద్ద పెట్టె కట్టీసీ. ఒక్కటీ మిగలకూడదు," అంది మా ఆయనతో.

ఫ్రిజ్ సంగతి ఏమిటని నేను అడిగాను. దానికి కూడా ఉపవాసమే అంది. మా ఆయన స్టూలెక్కి మెయిన్ కట్టేశారు.

ఫ్యాన్లు నెమ్మదించి ఆగాయి. ఫ్రిజ్ ఒకసారి వణికి ఊరుకుంది. ముగ్గురం కళ్ళు మూసుకున్నాం. అమ్మ ప్రార్థన మొదలుపెట్టి, రెండు మాటలకే ఆగింది. నేను కళ్ళు తెరిచి చూశాను. అమ్మ వంటింటి గోడవైపు తల తిప్పి వింటోంది. నేనూ విన్నాను. వినడానికి ఏమీ లేదు. ఆ గోడ అవతల ఇన్నాళ్ళూ గుర్రుమంటున్నది ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఆ ఇంట్లో అంతకుముందు నేను ఎరగను.

కాసేపటికి వెనక గ్రిల్ తలుపు మీద చప్పుడైంది. చేపలతను. చేతుల మీంచి మంచు నీళ్ళు కారుతున్నాయి. తన గదిలో కరెంటు పోయింది, వీధిలో అందరికీ ఉంది, మీకూ పోయిందా అక్కా అని తమిళంలో అడిగాడు.

మాకు పోలేదు, మేమే కట్టేశాం అని మా ఆయన చెప్పారు. చెప్పిన ముక్క ఆయనకే విచిత్రంగా తోచినట్టుంది, నా వైపు చూశారు. మళ్ళీ స్టూలెక్కి మెయిన్ వేశారు. గోడ అవతల గుర్రుమంది. కట్టేశారు. ఆగింది.

అమ్మ మా అందరికంటే ముందు తేరుకుంది. "ఈయన సేపల పెట్టె మన పెట్టెలోంచే నడుస్తన్నాదా?" అంది. చేపలతనికి కూడా ఆ సంగతి తెలియదు. తన అద్దెలో కరెంటు కలిపే మామకి ఇస్తున్నాడట, లైను ఎక్కణ్ణుంచి వస్తోందని ఎప్పుడూ చూసుకోలేదట. లోపల ఇప్పుడు రెండు ఫ్రీజర్లు ఉన్నాయన్నాడు. రెండోది ఎప్పుడు కొన్నావని మా ఆయన అడిగారు. పోయిన ఏడు, ఈస్టర్ వెళ్ళాక, వ్యాపారం కాస్త పుంజుకున్నప్పుడు అన్నాడు. అమ్మ మా ఇంటికి వచ్చింది కూడా అప్పుడే.

మా ఆయన చెయ్యి ఇంకా మెయిన్ మీదే ఉంది. అది తన లైను కాదని ఆ మనిషితో ఒక్క మాట అనడానికి అప్పుడు మాకు కారణం ఉంది. అమ్మ ఆ అవకాశం ఇవ్వలేదు.

"ఎయ్యి బాబూ, ఎయ్యి. ఆయన సేపలు పాడైపోతాయి. మనం ఉపాసం ఉంటే దేవుడికి, ఇంకొకరి సరుకు ఉపాసం ఉంటే ఎవులికి?"

మెయిన్ వేశాక, ఇల్లు మాత్రం చీకటిగానే ఉండాలంది. మా ఆయన ఒక్కో గదికి తీసుకెళ్ళి ఏ స్విచ్చి దేనిదో చూపించారు. అమ్మ తన చేత్తో ఒక్కొక్కటీ కట్టేసింది. కట్టేసిన ప్రతిసారీ పైకి చూసి, నిజంగా ఆరిందా అని చూసుకుంది. ఆ తర్వాత మూడింటిదాకా ఫ్రీజర్ చప్పుడు వింటూనే ప్రార్థన చేసుకున్నాం. అమ్మ గొంతులో చాలా రోజుల తర్వాత పాట నిండుగా పలికింది.

ఈస్టర్ మధ్యాహ్నం మామ భోజనానికి వచ్చాడు. ఎస్టేట్ మనుషులం ఆ ఒక్కపూట కలిసి తినడం నాన్న ఉన్నప్పటినుంచీ ఉన్నదే. కోడికూర బాగుందన్నాడు. చేతులు కడుక్కుని కూర్చున్నాక మా ఆయన గొంతు సవరించుకున్నారు, మళ్ళీ సవరించుకున్నారు. ఆయన వల్ల కాదని నాకు అర్థమైంది.

"మామా, మాకు నిలవనీడ లేనప్పుడు మీరు తాళంచెవి ఇచ్చినారు. అది మేము మరిచిపోలేదు, మరిచిపోము. మీరు మావాళ్ళన్న ధైర్యంతోనే ఒకటి సెప్తున్నాను. వెనక ఫ్రీజర్లు మా మీటరు మీద నడుస్తున్నాయి."

శుక్రవారం జరిగింది చెప్పాను. మామ ముఖంలో నవ్వు పోయింది. ఆ ఇంట్లో తాను కాపురం ఉన్నప్పుడు వేయించిన లైను అది అన్నాడు. ఇల్లూ తనదే, గదీ తనదే, మీటరు ఒకటే ఉంటే అందులో వింతేముంది అన్నాడు. తర్వాత గొంతు మారింది.

"అంటే ఏటి, నాను దొంగనా? ఇల్లిచ్చినందుకు లెక్క అడుగుతున్నారా?"

ఇన్నాళ్ళూ నేను భయపడింది ఆ మాటకే. అది వచ్చేసింది. అమ్మ తన కుర్చీలోంచి ముందుకు వంగింది.

"తమ్ముడా, ఎవులూ దొంగనలేదు. నువ్విచ్చిన ఇంట్లో నాను సీకట్లో కూకున్నాను, నా సేతే బిల్లు పెరిగిందని. అది నా వల్ల కాదని ఒక్క మాట సెప్పు, సాలు. మిగిలింది మీరూ మీరూ సూసుకోండి లా."

మామ అమ్మ వైపు చూశాడు. అప్పుడే చూశాడనుకుంటాను, మెడ చుట్టూ ఆ చెమటకాయల్ని, పైన ఆగి ఉన్న ఫ్యానుని, తలుపు పక్కన సంచీని. ఆయన ఇదంతా ముందే ఎరిగి ఊరుకున్నాడో, చివరిదాకా ఆలోచించలేదో నాకు తెలియదు. నేను అడగలేదు. ఆయన లేచి గోడదాకా వెళ్ళి, అమ్మ మీదికి ఫ్యాను వేశాడు. స్విచ్చి దగ్గరే నిలబడి, ఇటు తిరక్కుండా అన్నాడు.

"నీ వల్ల కాదక్కా. నాను ఇడదీసి సూడలేదు."

తర్వాత పనులన్నీ నెమ్మదిగానే జరిగాయి. మామ ముందు కొంచెం ముభావంగా ఉన్నాడు, కానీ ఆ రోజు వెళ్తూ లైను విడదీయిస్తానన్న మాట తప్పలేదు. వైర్‌మన్‌ని పిలిపించి వెనక గదికి వేరే లైను లాగించి, దానికి విడిగా మీటరు పెట్టించాడు. మాతో అద్దె ఒప్పందం రాసుకున్నాడు. మా విజయవాడ పిల్ల అందులో కరెంటు, నీళ్ళు ఎవరు కట్టాలో, బిల్లు ఎవరి దగ్గర ఉండాలో స్పష్టంగా రాయించింది. మామ కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివించుకుని, "ఈ పిల్ల వకీలు కావాల్సింది లా," అని నవ్వాడు. ఆ కాగితంతో కనెక్షన్ మా ఆయన పేరుకి మారింది. మేము ఎక్కువ కట్టిన దానికి కొన్నాళ్ళు అద్దెలో తగ్గించుకోమన్నాడు. మేము అడగకముందే అన్నాడు, దానికీ స్తోత్రమే.

ఇక తమ్ముడు. ఈస్టర్ మర్నాడు చెప్పినట్టే కారు తెచ్చాడు. అప్పటికి అమ్మ సంచీ ఖాళీ చేసేసింది. వాడు అన్నం తిని, చేపలతను ఇచ్చిన రొయ్యల పొట్లం అదే సంచీలో వేసుకుని వెళ్ళాడు. కౌలా సెలంగోర్ రొయ్యలు మళ్ళీ కౌలా సెలంగోర్‌కే పోతున్నాయని మరదలు ఫోనులో నవ్వింది.

మా పేరుతో మొదటి బిల్లు వచ్చినప్పుడు మా ఆయన అమ్మకి ఫోనులో చూపించారు. అమ్మకి మలయ్ భాష చదవడం రాదు. అందులో అల్లుడి పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూసి, "మనది మనకి తెలిసినాది," అంది. అంతే, తర్వాత ఎప్పుడూ అడగలేదు.

గుడ్ ఫ్రైడే నాడు నేర్చుకున్న స్విచ్చిలన్నీ అమ్మ పండగ దాటాక మరిచిపోయింది. నిన్న సాయంత్రం లైటు వేసి, చేతులు జోడించి, స్తోత్రం తండ్రీ అని, ఎదురింటావిడ పిలిస్తే గేటు దగ్గరికి పోయింది. ముందుగదిలో ఫ్యాను ఖాళీ కుర్చీకి గాలి విసురుతోంది. నేను కట్టేద్దామని వెళ్ళాను. బయట అమ్మ నవ్వు వినిపిస్తోంది. ఎలాగూ తిరిగొచ్చి కూర్చునేది ఆ కుర్చీలోనే కదా అని, ఫ్యాను అలాగే తిరగనిచ్చి వంటింట్లోకి వచ్చేశాను.